పట్టూ విడుపూ తెలిసిన రబ్బరు

హైదరాబాదు నుంచి విజయవాడ దాకా పెద్దగా ఆగకుండా వచ్చిన కారు టైరు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగులుతుంది. ఎండకు రోడ్డు కాలి ఉంటుందనుకుంటాం గానీ, డిసెంబరు చలిలో తెల్లవారుజామున వచ్చినా ఆ వెచ్చదనం ఉంటుంది. రోడ్డుకు రాసుకోవడం వల్ల పుట్టిందని ఇంకొందరంటారు. బ్రేకు వేసినప్పుడో, మలుపు తిరిగినప్పుడో తప్ప, తిన్నగా దొర్లే టైరు రోడ్డును పెద్దగా రాసుకోదు. ఆనుతుంది, లేస్తుంది, అంతే. ఆ వేడిలో ఎక్కువ భాగం రబ్బరు లోపలే పుడుతుంది.

టైరు రోడ్డుకు ఆనినచోట బండి బరువుకు చదునవుతుంది. అక్కడినుంచి పైకి లేవగానే మళ్లీ గుండ్రమవుతుంది. చిన్న కారు టైరు చుట్టుకొలత రెండు మీటర్లకు కాస్త అటూ ఇటూ. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 11 సార్లు తిరుగుతుంది. అంటే టైరులో ఏ ముక్కను తీసుకున్నా సెకనుకు 11 సార్లు నలిగి, 11 సార్లు తేరుకుంటోంది. నలిగేటప్పుడు పుచ్చుకున్న శక్తినంతా తేరుకునేటప్పుడు తిరిగి ఇచ్చేస్తే ఏ పేచీ లేదు. రబ్బరుకు అంత నిజాయితీ లేదు. కొంత తన దగ్గరే అట్టేపెట్టుకుని వేడిగా మార్చేస్తుంది. ఆ వేడి మనం డబ్బు పెట్టి పోయించుకున్న పెట్రోలే. కారు తాగే ఇంధనంలో దాదాపు ఐదో వంతు, బరువు లారీల్లో మూడో వంతు దాకా టైర్లను దొర్లించడానికే పోతుందని ఇంజనీర్ల లెక్క.

అయితే శక్తిని ఏమాత్రం మింగని రబ్బరు తయారుచేస్తే సరిపోతుంది కదా? అలాంటి టైరు వేసుకుని వానలో బ్రేకు వేస్తే ఏమవుతుందో చూద్దాం.

తారు రోడ్డు కంటికి నున్నగా కనిపించినా దాని కంకర మీద మిల్లీమీటరులో వందో వంతు, వెయ్యో వంతు ఎత్తుండే గరుకుతనం ఉంటుంది. బ్రేకు వేసిన క్షణంలో రబ్బరు ఈ చిన్న చిన్న గుబ్బల మీదుగా జారుతూ పోతుంది. గుబ్బకు ముందువైపున రబ్బరు నొక్కుకుంటుంది. అది బండిని వెనక్కు నెడుతుంది. గుబ్బ దాటగానే రబ్బరు తటాలున తన ఆకారానికి వచ్చేస్తే, గుబ్బ వెనకవైపును అంతే బలంతో నొక్కి బండిని ముందుకు నెడుతుంది. ముందూ వెనకా సరిపోయి, మిగిలే పట్టు సున్నా. తేరుకోవడంలో రబ్బరు కాస్త బద్ధకించాలి. ఆ బద్ధకమే పట్టు. పొడి రోడ్డు మీద రబ్బరుకూ రాయికీ నేరుగా కుదిరే అతుకు కొంత సాయం చేస్తుంది. తడి రోడ్డు మీద మధ్యలో నీటిపొర చేరి ఆ సాయాన్ని చాలావరకు తీసేస్తుంది గనుక, అక్కడ బద్ధకమే దిక్కు.

దొర్లేటప్పుడు ఏ బద్ధకం పెట్రోలు తాగుతుందో, ఆగేటప్పుడు ఆ బద్ధకమే ప్రాణం కాపాడుతుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పైగా మూడో బాధ: ఈ రెండిటి మధ్య ఎలాగో రాజీ కుదిర్చినా, టైరు ఊరికే అరిగిపోకూడదు. టైర్ల పరిశ్రమ ఈ మూడింటినీ కలిపి ‘మాయా త్రిభుజం’ అంటుంది. ఒక మూల లాగితే ఇంకో మూల లోపలికి పోతుంది. చెట్టునుంచి వచ్చే రబ్బరు ఈ చిక్కుకు పరిష్కారం చూపలేదు, ఎందుకంటే చెట్టు ఒకే రకం రబ్బరు ఇస్తుంది. మనిషి చేసిన రబ్బరు చూపింది, కానీ దానికి ఎనభై ఏళ్లు పట్టింది. ఎందుకంటే అందులో మొదటి సగం అంతా చెట్టును అనుకరించడంలోనే గడిచిపోయింది.

రబ్బరంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఐదు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు ఉన్న ఐసోప్రీన్ అనే చిన్న అణువులు వేల సంఖ్యలో చేతులు కలిపితే ఒక గొలుసు అవుతుంది. అలాంటి గొలుసులు ఉడికిన సేమియాలా ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. లాగితే సాగుతాయి, వదిలితే మళ్లీ చిక్కులోకే ముడుచుకుంటాయి. మరీ లాగితే జారిపోతాయి గనుక, వాటిని అక్కడక్కడ గంధకంతో ముడివేయాలి. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టింది ఈ ముడినే. ఇక బద్ధకం సంగతి: గొలుసులు కదిలేటప్పుడు పక్క గొలుసులతో ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడిలో పోయే శక్తికి శాస్త్రంలో హిస్టెరిసిస్ అని పేరు.

ఈ గొలుసుల సంగతి తెలియకముందే రబ్బరు చేయడం మొదలుపెట్టారు! జర్మనీలో బేయర్ కంపెనీ రసాయనవేత్త ఫ్రిట్జ్ హాఫ్‌మన్ 1909లో కృత్రిమ రబ్బరుకు పేటెంటు తీసుకున్నాడు. ఇలాంటి పదార్థాల్లో పొడవాటి గొలుసు అణువులుంటాయని హెర్మన్ స్టౌడింగర్ ప్రతిపాదించింది 1920లో. చాలామంది సాటి రసాయనవేత్తలు అప్పటికీ నమ్మలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో చెట్టు రబ్బరు అందక జర్మనీ మిథైల్ రబ్బరు అనే సరుకును రెండు వేల టన్నులకు పైగా చేసింది. టైర్లకు అది నాసిరకం. యుద్ధం ముగియగానే దాన్ని వదిలేశారు.

తర్వాతి ముడిసరుకు బ్యూటడైయీన్. ఐసోప్రీన్‌కు తమ్ముడు, నాలుగు కార్బన్లవాడు. రష్యాలో సెర్గేయ్ లెబెదెవ్ బంగాళాదుంపల నుంచి, ధాన్యం నుంచి తీసిన ఆల్కహాలును బ్యూటడైయీన్‌గా మార్చి, దాన్ని సోడియంతో గొలుసు కట్టించాడు. ఆ పద్ధతిలో 1932లో యారొస్లావ్ల్‌లో కర్మాగారం లేచింది. జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ కంపెనీకి చెందిన వాల్టర్ బాక్, ఎడ్వర్డ్ చుంకుర్ 1929లో బ్యూటడైయీన్‌కు స్టైరీన్ అనే మరో పదార్థాన్ని జతచేశారు. సబ్బునీటిలో ఈ రెండిటినీ చిన్న చిన్న చుక్కలుగా చెదరగొట్టి గొలుసు కట్టిస్తే వచ్చిన రబ్బరు పేరు బ్యూనా-ఎస్. ఇవాళ ఎస్‌బీఆర్ అంటున్నది దీన్నే. ప్రపంచంలో కారు టైర్ల ట్రెడ్‌కు, అంటే రోడ్డుకు ఆనే పొరకు, ఇప్పటికీ మూలవిరాట్టు అదే. దాని చరిత్రలో ఒక మచ్చ ఉంది, దాటవేయకూడనిది: రెండో ప్రపంచయుద్ధంలో నాజీల ఔష్‌విట్జ్ నిర్బంధ శిబిరం పక్కన మోనోవిట్జ్‌లో ఐ.జి. ఫార్బెన్ ఖైదీల చేత బ్యూనా కర్మాగారం కట్టించింది. వేలమంది అక్కడ పనిచేస్తూ చనిపోయారు. తర్వాత రచయితగా పేరుపొందిన రసాయనవేత్త ప్రీమో లేవి అక్కడి ఖైదీల్లో ఒకడు. ఆ కర్మాగారం నుంచి ఒక్క కిలో రబ్బరు కూడా బయటికి రాలేదు.

అమెరికా కథ వేరు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపాను చేతికి చిక్కడంతో, చెట్టు రబ్బరు రాకలో తొంభై శాతం ఆగిపోయింది. అప్పటికే టైర్లకు రేషన్ పెట్టిన ప్రభుత్వం, వేగం గంటకు 35 మైళ్లు మించకూడదంది. సింగపూరు పడిపోవడానికి కొద్ది వారాల ముందే, 1941 డిసెంబరులో, ఒకరి ముఖం ఒకరు చూసుకోని కంపెనీలు పేటెంట్లు పంచుకోవడానికి సంతకాలు చేశాయి. 1941లో ఏడాది మొత్తానికి 231 టన్నులుగా ఉన్న సాధారణ అవసరాల కృత్రిమ రబ్బరు ఉత్పత్తి 1945 నాటికి నెలకు 70,000 టన్నులకు చేరింది. అణుబాంబు కథ అందరికీ తెలుసు. యుద్ధాన్ని చక్రాల మీద నిలబెట్టిన ఈ కథ మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. నా దృష్టిలో ఇది దానికి తీసిపోయే విజయం కాదు.

అయినా నిజం నిజమే. ఆ యుద్ధకాలపు రబ్బరు కారుకు పనికొచ్చింది గానీ, బరువు లారీ టైరులో మరీ వేడెక్కేది. పెద్ద టైర్లలో చెట్టు రబ్బరు కలపక తప్పలేదు. తప్పు ముడిసరుకులో కన్నా ఎక్కువగా తయారీలో ఉంది. సబ్బునీటి పద్ధతిలో గొలుసు ఎప్పుడు మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ కొమ్మ వేస్తుందో మన చేతిలో ఉండదు. యుద్ధం తర్వాత 50 డిగ్రీల బదులు 5 డిగ్రీల చల్లదనంలో కట్టిస్తే గొలుసులు కాస్త క్రమంగా వచ్చాయి. మెరుగే, కానీ పగ్గాలు ఇంకా చేతికి రాలేదు.

పగ్గాలు 1950లలో చేతికొచ్చాయి. జర్మనీలో జీగ్లర్, ఇటలీలో నట్టా కనిపెట్టిన ఉత్ప్రేరకాలతో అణువులను ఒకే వరసలో పేర్చడం సాధ్యమైంది. చెట్టు చేసే గొలుసునే దాదాపుగా ప్రయోగశాలలో కట్టేశారు. ఇద్దరికీ 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. టైరు దృష్టితో చూస్తే మాత్రం అంతకన్నా ముఖ్యమైన మలుపు 1956లో మైకేల్ ష్వార్ట్స్ ప్రచురించిన చిన్న పరిశోధనలో ఉందంటాను. అతను కట్టిన గొలుసులు ముడిసరుకు అయిపోయినా చావలేదు. కొస తెరుచుకునే ఉంది. మళ్లీ ముడిసరుకు పోస్తే మళ్లీ పెరిగాయి. ‘బతికున్న పాలిమర్లు’ అని పేరు పెట్టాడు. బ్యూటైల్ లిథియం అనే పదార్థంతో, నీటి చుక్క కూడా లేని ద్రావకంలో ఇలాంటి గొలుసులు కడితే, పొడవు మనం చెప్పినంతే వస్తుంది. స్టైరీన్ ఎంత ఉండాలో, బ్యూటడైయీన్ ఏ భంగిమలో కూర్చోవాలో మనమే నిర్ణయించవచ్చు. అన్నిటికీ మించి, బతికున్న ఆ కొసకు చివర్లో మనకు కావలసింది తగిలించవచ్చు. దీన్ని ద్రావక ఎస్‌బీఆర్ అంటారు.

పగ్గాలు చేతికొచ్చాయి, సరే. బండిని ఎటు తోలాలి? దీనికి సమాధానం ఒక విచిత్రమైన సూత్రంలో దొరికింది. 1955లో విలియమ్స్, లాండెల్, ఫెర్రీ అనే ముగ్గురు అమెరికన్లు దాన్ని సమీకరణంగా రాశారు. సారాంశం ఇది: గొలుసులకు కదలడానికి వ్యవధి కావాలి. మెల్లగా నొక్కితే తీరిగ్గా సర్దుకుంటాయి. మరీ వేగంగా నొక్కితే సర్దుకునేలోపే నొక్కుడు అయిపోతుంది, రబ్బరు బిగుసుకుపోతుంది. చల్లబరిచినా అంతే, బిగుసుకుపోతుంది. కాబట్టి వేగం పెంచడమూ చల్లబరచడమూ రబ్బరుకు ఒకటే.

ఇప్పుడు టైరు దగ్గరికి రండి. దొర్లేటప్పుడు రబ్బరు నలిగేది సెకనుకు పది ఇరవై సార్లు. బ్రేకు వేసినప్పుడు రోడ్డు గరుకు మీద అది నలిగేది సెకనుకు పదివేల నుంచి పది లక్షల సార్లు! పాము కోపం, కప్ప కోపం ఒకే వేళ రావడం లేదన్నమాట. మెల్లగా నలిగినప్పుడు శక్తి మింగకుండా, అతివేగంగా నలిగినప్పుడు మాత్రమే మింగే రబ్బరు ఉంటే ఇద్దరినీ ఊరడించవచ్చు. సెకనుకు లక్షసార్లు నలిపే యంత్రం పెట్టుకోవడం కష్టం గనుక, ప్రయోగశాలలో పై సూత్రాన్ని వాడుకుంటారు. చిన్న రబ్బరు ముక్కను ఒకే తీరులో ఊపుతూ, ఉష్ణోగ్రత మారుస్తూ, అది మింగే శక్తిని గీతగా గీస్తారు. 60 డిగ్రీల దగ్గర అది మింగే శక్తి దొర్లుడు నష్టాన్ని, 0 డిగ్రీల దగ్గర మింగేది తడిరోడ్డు పట్టునూ సూచిస్తాయి. 60 దగ్గర గీత అడుక్కు దిగాలి, 0 దగ్గర కొండెక్కాలి. రబ్బరు తయారుచేసేవాళ్ల జీవితమంతా ఈ ఒక్క గీతను వంచడానికే సరిపోతుంది.

ప్రతి రబ్బరుకూ ఒక గడ్డకట్టే ఉష్ణోగ్రత ఉంది. అంతకు దిగితే గాజులా పెళుసవుతుంది. శక్తిని బాగా మింగేది ఆ గడప మీదనే. చెట్టు రబ్బరుకు అది సున్నాకు దిగువన సుమారు 70 డిగ్రీల దగ్గర, ఒట్టి బ్యూటడైయీన్ గొలుసైన పాలీబ్యూటడైయీన్‌కు దిగువన 100 దగ్గర ఉంటుంది. రెండూ మరీ దూరం గనుక తడిరోడ్డు మీద రెండిటి పట్టూ అంతంతమాత్రమే. స్టైరీన్ బరువైనది, గొలుసును మందకొడిగా చేస్తుంది, గడపను పైకి తెస్తుంది. సబ్బునీటి ఎస్‌బీఆర్‌లో ఎక్కువగా వాడే రకంలో స్టైరీన్ 23.5 శాతం, గడప దిగువన 50 డిగ్రీలు. ద్రావక ఎస్‌బీఆర్‌లో దాన్ని దిగువన 20కో, అంతకు పైకో, ఎక్కడ కావాలంటే అక్కడ నిలపవచ్చు.

ఇంత చేసినా 60 డిగ్రీల దగ్గర గీత దిగనని మొండికేసింది. దోషి రబ్బరు కాదు, మసి. తొలి రోజుల టైర్లు తెల్లగా ఉండేవి, త్వరగా అరిగేవి. నూనెను అరకొరగా మండించి పట్టిన సన్నటి మసిని రబ్బరులో కలిపితే ఎన్నో రెట్లు మన్నుతుందని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెలిసింది. టైరు నల్లబడింది అప్పుడే. అయితే మసి రేణువులు రబ్బరులో ఒకదాన్నొకటి పట్టుకుని వలలు కడతాయి. టైరు నలిగిన ప్రతిసారీ ఆ వలలు తెగుతాయి, మళ్లీ కట్టుకుంటాయి. ఆ తెగడంలో వేడి పుడుతుంది. మసి బదులు సిలికా, అంటే అతి సన్నగా తయారుచేసిన ఇసుక సారం, వాడి చూద్దామనే ఆలోచన కొత్తది కాదు. చెప్పుల అట్టల్లో వాడుతూనే ఉన్నారు. టైరులోకే రాలేదు. సిలికా రేణువు ఒంటినిండా నీటిని ఇష్టపడే గుంపులుంటాయి. నూనె జాతికి చెందిన రబ్బరుతో దానికి పొత్తు కుదరదు. రేణువులు రబ్బరును వదిలేసి తమలో తామే ముద్దకడతాయి.

మధ్యవర్తి కావాలి. జర్మనీలోని డెగూసా కంపెనీ చేసిన సిలేన్ అనే రసాయనం ఆ పని చేసింది. రెండు కొసల్లో సిలికాను పట్టుకునే సిలికాన్ గుంపులు, నడుమ నాలుగు గంధకం పరమాణువుల వంతెన. కొసలు ఇసుకను పట్టుకుంటాయి. వంతెన విరిగి, గంధకం రబ్బరును పట్టుకుంటుంది. వినడానికి హాయిగా ఉంది. కలిపేవాడికి తెలుస్తుంది కష్టం. మిక్సరులో వేడి 140 డిగ్రీలకు తగ్గితే సిలేన్ సిలికాతో కలవదు. 160 దాటితే గంధకం తొందరపడి మిక్సరులోనే రబ్బరును ముడేస్తుంది, సరుకంతా గడ్డకట్టి పారేయాల్సి వస్తుంది. పైగా ఆ చర్యలో ఆల్కహాలు ఆవిరి వెలువడుతుంది, దాన్ని జాగ్రత్తగా బయటికి పంపాలి. మిషెలిన్ కంపెనీలో రోలాన్ రోలిన్ బృందం 1991లో ఈ వంటకాన్ని కుదిర్చింది: ద్రావక ఎస్‌బీఆర్, సిలికా, సిలేన్. మూడూ కలిస్తేనే ఫలం. పాత సబ్బునీటి ఎస్‌బీఆర్‌తో సిలికా కలిపినవాళ్లకు ఆ ఫలితం రాలేదు. 1992లో ‘గ్రీన్ టైరు’ బజారుకొచ్చింది. దొర్లుడు నష్టంలో దాదాపు నాలుగో వంతు తగ్గింది. తడిరోడ్డు పట్టు తగ్గకపోగా పెరిగింది. ఏ మూలా లోపలికి పోకుండా త్రిభుజం మొదటిసారి పెద్దదైంది.

పేరుకు పచ్చ గానీ రంగు నలుపే. ఎండ దెబ్బకు తట్టుకోవాలని కాస్త మసి ఇంకా కలుపుతారు. ఇంకో తమాషా: మసి విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, సిలికా ప్రవహింపజేయదు. బండిలో పోగయ్యే స్థిరవిద్యుత్తుకు నేలలోకి దారి లేకుండా పోయింది. అందుకే సిలికా ట్రెడ్ మధ్యలో మసి రబ్బరుతో ఒక సన్నటి గీత దించుతారు. మీ కారు టైరులోనూ అది ఉండవచ్చు.

తర్వాతి మెరుగంతా గొలుసు కొసల దగ్గర జరిగింది. గొలుసుకు రెండు కొసలూ గాలికి వేలాడుతుంటే అవి బరువు మోయవు, ఊరికే ఊగి వేడి పుట్టిస్తాయి. ష్వార్ట్స్ చూపిన బతికున్న కొసకు సిలికాను పట్టే గుంపును తగిలిస్తే, వేలాడే కొస కాస్తా లంగరు అవుతుంది. ఇవాళ మంచి కార్ల టైర్లలో వాడే ఎస్‌బీఆర్ ఎక్కువగా ఇలాంటిదే. అరుగుదల సంగతి నియోడిమియం ఉత్ప్రేరకంతో కట్టిన పాలీబ్యూటడైయీన్ చూసుకుంటుంది. టైరు లోపలి పొర గాలిని బయటికి పోనివ్వని బ్యూటైల్ రబ్బరు. చెట్టు రబ్బరు మూలపడిపోయిందా అంటే, లేదు. బాగా సాగదీసినప్పుడు దాని గొలుసులు వరసకట్టి స్ఫటికాలై, చీలిక ముందుకు పాకకుండా అడ్డుపడతాయి. ఈ గుణంలో దానికి సాటి రాలేదు. లారీ, విమానం టైర్లు ఇప్పటికీ ప్రధానంగా దానివే.

మన దేశంలో ఈ కథ చెరకు మడ్డితో మొదలైంది. 1960లలో బరేలీ దగ్గర సింథటిక్స్ అండ్ కెమికల్స్ అనే కంపెనీ మడ్డి నుంచి ఆల్కహాలు, ఆల్కహాలు నుంచి బ్యూటడైయీన్ తీసి ఎస్‌బీఆర్ చేసింది. లెబెదెవ్ దారే. ఆ ఆల్కహాలు మీద పన్ను వేసే హక్కు ఎవరిదన్న తగువు సుప్రీంకోర్టుకెక్కి, 1989లో రాష్ట్రాలకు ప్రతికూలంగా తీర్పు వచ్చింది. 2024లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తిరగరాసింది. రబ్బరు కంపెనీ పేరు రాజ్యాంగ న్యాయశాస్త్రంలో నిలిచిపోయింది! తర్వాత 2013లో పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ భాగస్వామిగా పెద్ద ఎస్‌బీఆర్ కర్మాగారం వచ్చింది. టైర్ల తయారీ తెలుగు నేల మీదా ఉంది, సదాశివపేటలో, తిరుపతి జిల్లా చిన్నపాండూరులో, అచ్యుతాపురంలో.

కొత్త చిక్కులు రెండున్నాయి. బ్యాటరీ కార్లు బరువెక్కువ, పికప్ ఎక్కువ. టైర్లు త్వరగా అరుగుతున్నాయి. త్రిభుజంలో అరుగుదల మూల మళ్లీ ముందుకొచ్చింది. అరిగిన పొడి ఎటుపోతుందన్నది రెండోది. ఓజోన్ వల్ల టైరు పగలకుండా కలిపే ఒక రసాయనం గాలిలో మారి, వాననీటితో ఏటిలో చేరి కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో అమెరికా శాస్త్రజ్ఞులు తేల్చారు. దానికి సరైన బదులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఐరోపాలో 2012 నవంబరు నుంచి ప్రతి కొత్త కారు టైరు మీద ఇంధనం, తడిరోడ్డు పట్టు, చప్పుడు ఈ మూడింటికీ గ్రేడు చీటీ అంటించాలి. అక్కడి లెక్క ప్రకారం, 80 కిలోమీటర్ల వేగంలో తడిరోడ్డు మీద బ్రేకు వేస్తే మంచి గ్రేడుకూ అడుగు గ్రేడుకూ ఆగే దూరంలో తేడా 18 మీటర్ల దాకా ఉండవచ్చు. మన దగ్గరా 2022 నోటిఫికేషన్‌తో ఈ మూడింటికీ కనీస ప్రమాణాలు వచ్చాయి. కానీ దుకాణంలో మనం అడిగేవి ఇంకా రెండే: ధరెంత, ఎన్నివేల కిలోమీటర్లు వస్తుంది. ఈసారి తడిరోడ్డు సంగతి కూడా అడగండి. టైరు పక్కగోడ మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. రబ్బరు ఏళ్లతరబడి నిలవుంటే గట్టిపడి పట్టు తగ్గుతుంది గనుక దాన్నీ చూడండి. ట్రెడ్ గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందంటే ఎంత గొప్ప రబ్బరైనా నీళ్లను పక్కకు నెట్టలేదు. ఆ టైరు మార్చేయండి.